అనకాపల్లి చెరకు, మామ్మ చోళ్ళు: కరువులు, తుఫాన్ల మధ్య మన ఊరి తిండి కథ

ఈ ఎపిసోడ్ నేను అనుకుని చేసింది కాదు. మా నాన్న చేసిన ఒక ఫోన్ వల్ల వచ్చింది.

సంక్రాంతి వెళ్ళిన నాలుగు రోజులకి ఫోన్ చేసి, "ఒరే, చెరుకు తీసేసి సరుగుడు ఏసేద్దామనుకుంటన్నాను. నువ్వు నెట్‌లో అదీ ఇదీ సూస్తుంటావు కదా, ఏటంటావు?" అన్నారు. మాకున్నది అనకాపల్లికి దగ్గర్లో ఎకరంన్నర. మా తాత కాలం నుంచీ అందులో చెరకే. నేను బీటెక్ చదివి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చుని చరిత్ర చెప్పుకునేవాణ్ణి. పొలం విషయంలో నా సలహా అడగడం మా ఇంట్లో అదే మొదటిసారి. వెంటనే ఏదో చెప్పేస్తే బాగోదని "వారం టైమివ్వు నాన్నా" అన్నాను. వారం కాస్తా నెల అయింది. ఆ నెలలో చదివిందీ, గుర్తొచ్చిందీ ఇప్పుడు మీకు చెప్తాను.

ముందు గుర్తొచ్చింది హుద్‌హుద్.

2014 అక్టోబర్ 12, ఆదివారం. నేను అప్పుడు బీటెక్ మొదటి సంవత్సరం. విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకి 180 కిలోమీటర్ల పైనే అని వాతావరణ శాఖ చెప్పింది. ఆ అంకెకి అర్థం ఏమిటో మా ఇంటి పెంకులు ఎగిరిపోయినప్పుడు తెలిసింది. విశాఖ గురించి టీవీల్లో చాలా చూపించారు. ఎయిర్‌పోర్టు కప్పు, బీచ్ రోడ్డు, కూలిన చెట్లు. చెరకు తోటల్ని ఎవరూ పెద్దగా చూపించలేదు. అక్టోబర్‌కి చెరకు మనిషి కంటే ఎత్తు ఉంటుంది. నరకడానికి ఇంకా రెండు మూడు నెలలు ఉంటుంది. గాలికి పడిపోకుండా ఎండాకులతో రెండు వరసల్ని కలిపి జడచుట్లు వేస్తారు. మామూలు గాలికి ఆ జడ ఆగుతుంది. హుద్‌హుద్‌కి జడతో పాటు తోటంతా చాప పరిచినట్టు పడిపోయింది.

పడిన చెరకు చచ్చిపోదండీ, అదే అసలు చిక్కు. నేల మీద పడుకుని కూడా బతుకుతుంది. కణుపుల దగ్గర మొలకలు వస్తాయి, వేళ్ళు వస్తాయి. అలా రావడానికి తనలో ఉన్న తీపినే ఖర్చు పెట్టుకుంటుంది. ఎలకలు, నక్కలు మిగతా పని చూసుకుంటాయి. జనవరిలో ఆ చెరకు గానుగాడి పాకం పడితే బెల్లం సరిగ్గా గట్టిపడలేదు. దిమ్మ కట్టాల్సింది ముద్దలా ఉండిపోయింది. మార్కెట్ యార్డులో దానికి పలికిన ధర చెప్పడానికి మా తాతకి నోరు రాలేదు. ఆ తర్వాతి ఏడు మా గానుగ మళ్ళీ తిరగలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోదే. కరెంటు లేదు, దుకాణాల్లో సరుకు లేదు, రోడ్ల మీద చెట్లు. మా ఇంట్లో రెండు పూటలా పొయ్యి మాత్రం వెలిగింది. ఎందుకంటే మా మామ్మ పొలం గట్టు పక్కన పది సెంట్లలో పునాస చోళ్ళు వేసేది. చోళ్ళంటే రాగులండీ, మా వైపు అలాగే అంటాం. తొలకరికి వేస్తే వంద రోజుల పైచిలుకులో చేతికొస్తాయి. అంటే తుఫాను వచ్చేనాటికి అవి కోసి, కొట్టి, కుండలో ఉన్నాయి. చోడి అంబలి, ఎండుచేప, ఉల్లిపాయ. తొమ్మిది రోజులు అదే. నాకు అప్పుడు అది పేదరికంలా అనిపించింది, కాలేజీలో ఎవరికీ చెప్పలేదు కూడా. ఇప్పుడు ఆలోచిస్తే, ఒకే గాలి ఒకే రోజున ఎకరంన్నర పంటని పడగొట్టింది, పది సెంట్ల పంటని ముట్టుకోలేకపోయింది. తేడా నేలలో లేదు. తేడా క్యాలెండర్‌లో ఉంది.

ఆ ఒక్క ముక్క పట్టుకుని వెనక్కి వెళ్ళాను.

మనకి పక్కనే, ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒరిస్సాలో, 1866లో పెద్ద కరువు వచ్చింది. అప్పటి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఇప్పటి శ్రీకాకుళం ప్రాంతం కూడా ఆ జిల్లాలోదే. 1865లో వానలు సెప్టెంబర్ మధ్యకల్లా ఆగిపోయాయి. ఒరిస్సా తీరంలో జనం బతుకంతా శీతాకాలం కోసే ఒక్క వరి మీద ఉండేది. వరి పొట్టకొచ్చే టైముకి నీళ్ళు లేవు. అది మొదటి దెబ్బ. రెండోది, దిగుమతి చేద్దామా వద్దా అని అధికారులు నెలల తరబడి తేల్చలేదు. కటక్ కమిషనర్ రావెన్‌షా, కలకత్తాలో రెవెన్యూ బోర్డు, అందరూ వ్యాపారులే తెస్తారులే అన్న నమ్మకంలో ఉండిపోయారు. తీరా ఓడలు పంపేసరికి నైరుతి రుతుపవనాలు వచ్చేశాయి, సముద్రం ఉధృతంగా ఉంది, సరుకు దించడానికి రేవు లేదు, లోపలికి తీసుకెళ్ళడానికి రోడ్డు లేదు, రైలు అసలే లేదు. ఒరిస్సా ప్రాంతంలో సుమారు పది లక్షల మంది, అంటే జనాభాలో మూడో వంతు దాకా, పోయారని లెక్క.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే సర్వర్, బ్యాకప్ లేదు, పైగా మానిటరింగ్ చేసేవాడు "అంతా బాగానే ఉంది" అని మెయిల్ పెడుతున్నాడు. క్షమించండి, పాత ఉద్యోగం బుద్ధి.

పదేళ్ళకి ధాత కరువు. 1876-77 ధాత నామ సంవత్సరం కాబట్టి ఆ పేరు. రాయలసీమ, నెల్లూరు, బళ్ళారి వైపు దీని కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1866కి ఇది పూర్తిగా తలకిందులు. ఈసారి రైళ్ళు ఉన్నాయి, ధాన్యం రైలెక్కి వస్తూనే ఉంది. కానీ కూలి లేని మనిషి చేతిలో డబ్బు లేదు, ధర మాత్రం ఆకాశంలో ఉంది. కరువు పనుల్లో చేరిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దాని మీద ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. రాళ్ళు మోసే మనిషికండీ అది. మద్రాసులో శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ ఈ కూలితో మనిషి బతకడని గట్టిగా కొట్లాడాడు. దేశం మొత్తం మీద ఆ కరువుకి 50 లక్షలకి పైగా జనం పోయారని చాలామంది చరిత్రకారుల అంచనా. విజయవాడ వాళ్ళకి, నెల్లూరు వాళ్ళకి తెలిసిన బకింగ్‌హాం కాలువలో ఒక ముక్క ఆ కరువు కూలీల చేత తవ్వించిందే. కాలువకి పెట్టింది అప్పటి మద్రాసు గవర్నర్ పేరు. తవ్విన వాళ్ళ పేరు ఎక్కడా లేదు.

ఈ రెండు కరువుల్నీ పక్కపక్కన పెడితే ఒక విషయం కనిపిస్తుంది. పంట పోవడం ఒక ప్రమాదం. పంట మరోచోట ఉన్నా అది నోటి దాకా రాకపోవడం రెండో ప్రమాదం. రోడ్డు లేక రాకపోవచ్చు, డబ్బు లేక రాకపోవచ్చు. 1880లో కరువు కమిషన్ రిపోర్టు వచ్చాక తయారైన ఫెమిన్ కోడ్‌లో ఈ రెండోదాన్ని కొంతవరకు ఒప్పుకున్నారు. ధరలు పెరగడం, జనం ఊళ్ళు వదలడం, ఇలాంటివి కనిపించగానే పనులు తెరవాలని రాశారు. ఇప్పటి ఉపాధి హామీకి ముత్తాత అనుకోండి.

మన ఉత్తరాంధ్ర మెట్ట రైతుకి ఈ కోడ్‌లు తెలియవు. ఆయన దగ్గర వేరే కోడ్ ఉండేది. 1907లో ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజిటీర్ చూడండి, మెట్ట పంటల్లో చోళ్ళకీ గంటెలకీ పెద్ద చోటే ఉంటుంది. గంటెలంటే సజ్జలు. వీటితో పాటు సామలు, కొర్రలు, కంది, నువ్వు. వీటిల్లో కొన్ని తొలకరికి పునాసగా వేసేవాళ్ళు, కొన్ని తర్వాత. తొలి వాన ఎగ్గొడితే రెండో విత్తు, అక్టోబర్ తుఫాను వస్తే అప్పటికే కోసేసిన మొదటి పంట. చెరువు కింద వరి. చోళ్ళకి ఇంకో గొప్ప గుణం ఉంది, సరిగ్గా ఎండబెట్టి దాస్తే ఏళ్ళ తరబడి పురుగు పట్టదు. గింజ అంత చిన్నది కాబట్టి పురుగు లోపల కాపురం పెట్టలేదు. మా మామ్మ "పోనేడు చోళ్ళు", "మొన్నేడు చోళ్ళు" అని వేరువేరు కుండలు పెట్టేది. నేను వాటిని పాత సామాను అనుకునేవాణ్ణి. అవి ఇన్సూరెన్స్ పాలసీలు.

ఇక్కడ నేను కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఈమధ్య సిరిధాన్యాల మీద వీడియోలు చూస్తే పూర్వం అంతా స్వర్గంలా అనిపిస్తుంది. కాదండీ. అంబలి తాగిన తరం ఇష్టపడి తాగలేదు. వరన్నం పండగకే. చోళ్ళు విసరడం, గంటెలు దంచడం ఆడవాళ్ళ నడుములు విరిచే పని. ఆ వ్యవస్థ కరువుని తట్టుకుంది సరే, ఎవరి ఒంటి మీద తట్టుకుంది అని కూడా అడగాలి.

సరే, బెల్లానికి వద్దాం. 1890లలో తూర్పు తీరం రైలు మార్గం మన మీదుగా పడింది. శారదా నది పక్కన తీపి నేలలో పండిన చెరకు, ఊరూరా గానుగ, పెనంలో పాకం, దిమ్మలుగా బెల్లం. అది రైలెక్కి ఒరిస్సా, బెంగాల్ దాకా వెళ్ళింది. అనకాపల్లి పేరు దేశంలో పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా నిలబడింది. గంటెలు తినే పంట, చెరకు అమ్మే పంట. చేతిలో డబ్బులున్న రైతు బియ్యం కొనుక్కుంటాడు. ధాత కరువు నాటి రెండో ప్రమాదానికి, అంటే చేతిలో డబ్బు లేకపోవడానికి, చెరకు ఒక జవాబు అయింది. అందుకే మా తాత చెరకుని తిట్టలేదు, నేనూ తిట్టను. మా నాన్న చదువు, నా ఫీజులో సగం బెల్లమే.

కానీ చెరకుకి తనదైన కరువు ఉంటుంది. దాని పేరు ఎర్రకుళ్ళు తెగులు.

1890లలో గోదావరి డెల్టాలో చెరకు తోటలు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. గడ చీల్చి చూస్తే లోపల ఎర్రటి చారలు, మధ్యలో తెల్ల మచ్చలు, పులిసిన కల్లు వాసన. చెరకుని విత్తనంతో వేయం కదా, గడని ముక్కలు చేసి ముచ్చెలు నాటుతాం. అంటే ప్రతి తోటా పాత తోటకి జిరాక్స్ కాపీ. ఒక మొక్కకి తట్టుకునే శక్తి లేదంటే ఊళ్ళో ఏ మొక్కకీ లేనట్టే. తెగులు ఉన్న ముచ్చెని బంధువుకి ప్రేమగా ఇచ్చినా తెగులు కూడా కట్నంలా వెళ్ళిపోతుంది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త బార్బర్ దీన్ని పరిశీలించాక, 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం పెట్టారు. బయటి రకాలు తెచ్చి, ఏది తట్టుకుంటుందో చూసి, రైతులకి పంచడం అక్కడి పని. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం వచ్చింది, బార్బర్ దానికి తొలి నిపుణుడు. ఆ మరుసటి ఏడు, 1913లో, మన అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం మొదలైంది. ఊళ్ళో చాలామందికి అది "ఫారం". నేను చిన్నప్పుడు దాని పక్కనుంచే స్కూల్‌కి వెళ్ళాను, లోపల ఏం చేస్తారో ఒక్కరోజు కూడా అడగలేదు. వందేళ్ళు దాటిన సంస్థ మన వీధి చివర ఉంటే మనకి అది గోడ మాత్రమే.

కోయంబత్తూరులో జరిగింది నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం. బార్బర్, ఆయన తర్వాత ఆ పని మోసిన టి.ఎస్. వెంకట్రామన్, మంచి లావుపాటి తీపి చెరకుని తీసుకుని దేనితో కలిపారో తెలుసా? రెల్లుగడ్డితో. శరత్కాలంలో ఏటి ఒడ్డున తెల్లగా పూస్తుంది చూడండి, అదే. గడ్డి అంటే తిండికి పనికిరాదు, తీపి లేదు, సన్నగా ఉంటుంది, రైతు కంటికి అది కలుపు. కానీ అది ఎండకి చావదు, నీళ్ళలో కుళ్ళదు, తెగుళ్ళకి అంత తేలిగ్గా లొంగదు. వెల్లై అనే రకం చెరకుకీ రెల్లుకీ పుట్టిన సంతానం నుంచి వచ్చిన కో 205 ని 1918లో విడుదల చేశారు. పంజాబ్ లాంటి ఉత్తరాది నేలల్లో అది పాత రకాల్ని పక్కకి నెట్టేసింది. తర్వాత ఆ వరసలోనే 1930లలో వచ్చిన కో 419 మన దక్షిణాదిలో చాలా ఏళ్ళు రాజ్యమేలింది. 1930లలోనే జానకీ అమ్మాళ్ అనే శాస్త్రవేత్త కోయంబత్తూరులో ఈ చెరకు, రెల్లు జాతుల క్రోమోజోముల మీద పని చేశారు. ఇవాళ ప్రపంచంలో దాదాపు ఏ చెరకు చక్కెర గింజ వెనక చూసినా ఒక రెల్లుపోచ రక్తం ఉంటుంది.

నాన్నకి ఫోన్‌లో ఈ సంగతి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి మేవు గట్ల మీద రెల్లు తగలెట్టీసినాం కదరా ఇన్నేళ్ళూ" అన్నారు.

అనకాపల్లి ఫారం కూడా సొంత రకాలు తీసింది. వాటి పేర్లు చూస్తే నాకు వెర్షన్ నంబర్లు గుర్తొస్తాయి. 87ఎ298 అంటే 87 ఏడాది, 'ఎ' అంటే అనకాపల్లి, 298 వరస నంబరు. దానికి విశ్వామిత్ర అని పేరు పెట్టారు. 93ఎ145 కి మన నది పేరు, శారద. మా తోటలో ఉన్నది విశ్వామిత్రే. బెల్లానికి బాగుంటుందనీ, నీటి ఎద్దడిని కొంత ఓర్చుకుంటుందనీ మా వైపు వాళ్ళు దాన్ని వదలరు. అయితే ఏ రకమూ శాశ్వతం కాదు. శిలీంధ్రం కూడా తన వెర్షన్ అప్‌డేట్ చేసుకుంటుంది. ఒకప్పుడు తట్టుకున్న రకమే ఇరవై ఏళ్ళకి ఎర్రకుళ్ళుకి తలవంచుతుంది. అందుకే ఫారం మూసేసే పని కాదు అది, ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన పని. శాస్త్రవేత్తల పోస్టు ఒకటి ఖాళీగా ఉంటే ఆ ఖాళీ ఫలితం పదేళ్ళ తర్వాత తోటలో కనిపిస్తుంది. అప్పుడు ఎవరూ ఆ రెండిటినీ కలిపి చూడరు.

రైతులూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1930లలో, దేశంలో సహకార చక్కెర ఫ్యాక్టరీలు అంటే ఏమిటో తెలియని రోజుల్లో, ఏటికొప్పాకలోనూ తుమ్మపాలలోనూ రైతులు కలిసి ఫ్యాక్టరీలు మొదలుపెట్టారు. సహకార చక్కెర అంటే అందరూ మహారాష్ట్ర పేరు చెప్తారు, ప్రవరా 1950లో వచ్చింది. మనవాళ్ళు అంతకంటే ముందు. లక్క బొమ్మల ఏటికొప్పాక అందరికీ తెలుసు, చక్కెర ఏటికొప్పాక మనకే గుర్తులేదు. ఇప్పుడు తుమ్మపాల మూతపడింది, ఏటికొప్పాకలో గానుగాట ఆగిపోయింది. చెరకు ఇంకా వేసే రైతు మరో ఫ్యాక్టరీ వైపు చూడాలి, లేదంటే బెల్లం వండుకోవాలి.

ఈ లోపల కంచం కూడా మారింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చింది. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. మా మామ్మ చెప్పేది, ఆ ఏడాదే వాళ్ళ వీధిలో పిల్లలు రాత్రి ఏడవకుండా పడుకున్నారని. ధాత కరువు అడిగిన ప్రశ్నకి అంత సూటిగా జవాబు చెప్పిన పథకాలు తక్కువ. దాంతో పాటే మరొకటి జరిగింది. తినడానికి పండించాల్సిన అవసరం పోయింది. పునాస చోళ్ళు, గంటెలు గట్టు దాకా వెళ్ళి, గట్టు దిగి పోయాయి. మా పది సెంట్లు మామ్మ మొండితనం వల్ల మిగిలినవి. ఆవిడ పోయాక అక్కడ మోటారు షెడ్డు కట్టారు.

ఇప్పుడు నాన్న ప్రశ్న. చెరకు ఉంచాలా, సరుగుడు వేయాలా?

నీళ్ళ లెక్క చూద్దాం. చెరకుకి సీజన్ మొత్తానికి సుమారు 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. మన జిల్లాలో ఏడాదికి పడే వాన వెయ్యి పైచిలుకు. తక్కువపడేది బోరు నుంచో కాలువ నుంచో రావాలి. శారద మీద రైవాడ రిజర్వాయర్ ఉంది, అది పొలాలకీ ఇవ్వాలి, విశాఖ నగరం తాగునీటికీ ఇవ్వాలి. మా నీళ్ళు మాకివ్వండని రైతులు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు. నగరంలో నేను ఫ్లాట్‌లో కుళాయి తిప్పినప్పుడు వచ్చేది కొంత మా నాన్న కాలువ నీళ్ళే, ఈ గొడవలో నేను రెండు పక్కలా ఉన్నాను. కూలీలు దొరకరు. 2024-25కి కేంద్రం ప్రకటించిన చెరకు ధర క్వింటాల్‌కి 340 రూపాయలు, పన్నెండు నెలలు నేలనీ నీళ్ళనీ మనిషినీ పట్టుకుని కూర్చునే పంటకి. మరోపక్క బెల్లం తెల్లగా మెరవాలని వ్యాపారి అడుగుతాడు, మెరవడానికి హైడ్రోస్ వేస్తారు, వేసిన బెల్లం తినకూడదని పేపర్లో రాస్తారు. నల్లగా ఉన్న బెల్లం తీసుకెళ్తే సారా కాయడానికా అని పోలీసులు అడుగుతారు. రంగుతోనే రైతు చస్తున్నాడు.

సరుగుడు వేస్తే ఈ తలనొప్పులేవీ ఉండవు. నాటి, నాలుగేళ్ళు మర్చిపోయి, పేపరు మిల్లుకి అమ్ముకోవడమే. నాన్న లాజిక్‌లో తప్పు లేదు. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పి, కొడుకు కెమెరా ముందు. కానీ నాలుగేళ్ళకి ఒక్కసారి వచ్చే ఆదాయం, అది కూడా ఒక్క చెట్టు మీద, మధ్యలో ఇంకో హుద్‌హుద్ వస్తే? 1865 ఒరిస్సా వరి గుర్తొచ్చింది నాకు. పైగా ఆ నేల నుంచి తినే గింజ ఒక్కటి కూడా రాదు.

నేను ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళని కూడా కలిశాను. ఆంధ్రలో 2016లో మొదలైన ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళు చేసేదాంట్లో నన్ను పట్టుకున్నది ఒకటే: వేసవిలో, వానకి ముందే, రకరకాల గింజలకి మట్టీ పేడా పూత పట్టించి పొడి నేలలో చల్లేయడం. ఎప్పుడు చినుకు పడితే అప్పుడు, ఏది మొలవగలిగితే అది మొలుస్తుంది. వాళ్ళ దిగుబడి లెక్కలన్నిటినీ నేను గుడ్డిగా ఒప్పుకోలేదు, చెరకు లాంటి తిండిపోతు పంట ఎరువు లేకుండా ఎంత ఇస్తుందో నా కళ్ళతో చూడాలి. కానీ ఆ చల్లే పద్ధతి చూడగానే మామ్మ గుర్తొచ్చింది. ఆవిడ చోళ్ళలో కంది, గోంగూర, నాలుగు నువ్వులు కలిపే చల్లేది. "ఏదోటి మిగులుద్ది" అనేది.

చివరికి నాన్నా నేనూ ఫోన్‌లో కాదు, పొలంలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆయన నా మాట పూర్తిగా వినలేదు, నేను ఆయన మాట పూర్తిగా వినలేదు. అరెకరం చెరకు కార్శి ఉంచుతున్నాం, నీళ్ళు దానికే సరిపోతాయి. బెల్లం మందు లేకుండా వండించి తెలిసినవాళ్ళకి అమ్మే ప్రయత్నం చేస్తాను, అది నా బాధ్యత, పోతే నష్టం నాది. అరెకరం సరుగుడు, అది నాన్న పంతం. మిగిలిన అరెకరంలో ఈ తొలకరికి పునాస చోళ్ళు, మధ్యలో కంది సాళ్ళు. రాగి రకాల మీద ఏళ్ళుగా పని చేస్తున్న విజయనగరం పరిశోధన కేంద్రం నుంచి విత్తనం తెచ్చుకుందామని నేనన్నాను. నాన్న సరేనన్నారు గానీ, తిరిగి వచ్చేటప్పుడు అటక మీద నుంచి ఒక కుండ దించారు. మామ్మది. మూతికి గుడ్డ కట్టి, పేడతో మూసి ఉంది. ఏ ఏడాదివో ఇద్దరికీ తెలియదు.

ఒక గుప్పెడు తీసి తడిగుడ్డలో మూటకట్టి, మూడు రోజులు ఆగి చూశాం. వంద గింజలు లెక్కపెట్టాను, ముప్పై ఒకటి మొలిచాయి. "తక్కువే" అన్నాను. నాన్న ఆ ముప్పై ఒకటినీ తీసుకెళ్ళి మోటారు షెడ్డు పక్కన నాటారు. కోళ్ళు రాకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టారు.

కోత అయ్యాక మళ్ళీ ఇదే విషయం మీద కెమెరా పట్టుకుని వస్తాను. ఈలోపు మీ ఇంట్లో అటక మీద ఇలాంటి కుండ ఏదైనా ఉంటే దించి చూడండి, ఎన్ని మొలిచాయో నాకు రాయండి. ఉంటానండీ.